మంట ఎందుకు చిన్నబోయింది?

పిల్లలూ! కిందటి నెలలో మనం ప్రెషర్ కుక్కరు ఈల ఎందుకు వేస్తుందో చెప్పుకున్నాం. ఆవిరికి బలం ఉందనీ, దాన్ని అదుపులో పెట్టకపోతే మూతనైనా ఎగరగొడుతుందనీ తెలుసుకున్నాం. ఈ నెల ఆ కుక్కరు కింద మండే మంట సంగతి చూద్దాం.

మీ వంటింట్లో గ్యాసు సిలిండరు ఉంది కదూ? దాని నెత్తిన పిడికిలంత వస్తువొకటి కూచుని ఉంటుంది. దాన్ని రెగ్యులేటరు అంటారు. అమ్మ రోజూ దాని మీట తిప్పుతుంది. కాని దాన్ని గురించి ఎవరూ ఆలోచించరు. చక్కగా పనిచేసే వాణ్ణి ఎవరూ తలుచుకోరు. వాడు జబ్బుపడి మూలబడ్డ రోజునే వాడి విలువ తెలిసివస్తుంది. రెగ్యులేటరూ అంతే. అందుకని, అది జబ్బుపడిన ఒక రోజు కథ చెబుతాను. కథ నేను కల్పించినదే. అందులోని శాస్త్రం మాత్రం అక్షరాలా నిజం.

ఈ కథ మన ఊళ్ళో జరగదు, అమెరికాలో జరుగుతుంది. అక్కడ చాలామంది సెలవుల్లో ఇల్లు విడవకుండానే ఊళ్ళు తిరుగుతారు. అదెట్లా అంటారా? ఇంటినే వెంట తీసుకుపోతారు! ఆ ఇంటికి చక్రాలుంటాయి. దాన్ని కారు వెనక తగిలించి లాక్కుపోతారు. కొన్నింటికి ఇంజను కూడా లోపలే ఉంటుంది. ఇలాంటి చక్రాల ఇంటిని అక్కడివాళ్ళు ‘ఆర్వీ’ అంటారు. లోపల మంచాలు, వంటగట్టు, స్నానాల గది అన్నీ అమర్చి ఉంటాయి. అక్కడ స్థిరపడిన మన తెలుగువాళ్ళు కూడా వేసవిలో ఇలాంటి బండి వేసుకుని బయలుదేరుతూ ఉంటారు.

అడవిలో ఆగిన బండికి కరెంటు ఎక్కడిది? అందుకని బండి ముందుభాగాన ఒకటో రెండో గ్యాసు సిలిండర్లు పెట్టుకుంటారు. వాటిలో ఉండేది ప్రొపేన్ అనే గ్యాసు. పొయ్యి దానితోనే మండుతుంది. స్నానానికి నీళ్ళు దానితోనే కాగుతాయి. గది వెచ్చబడేది దానితోనే. చాలా బండ్లలో చల్లపెట్టె కూడా ఆ గ్యాసు మంటతోనే చల్లబడుతుంది! మంటతో చల్లదనమా అని నవ్వకండి. ఆ చిత్రం వచ్చే నెల చెబుతాను.

సరే, మీరు సెలవులకు అమెరికాలో ఉన్న బాబాయి ఇంటికి వెళ్ళారనుకోండి. బాబాయి ఒక పాత చక్రాల ఇల్లు కొన్నాడు. అది ఏడాదిపాటు పెరట్లో కదలకుండా పడి ఉంది. దాన్ని దులిపి, తుడిచి, బాబాయి, పిన్ని, చెల్లాయి, మీరు నలుగురూ యెలోస్టోన్ చేరుకున్నారు. అది 1872లో ఏర్పడిన జాతీయ వనం. ప్రపంచంలో అదే మొట్టమొదటిది. భూమిలోంచి వేడినీళ్ళు తాటిచెట్టంత ఎత్తుకు చిమ్మే చోటు. అది సముద్రమట్టానికి సుమారు 2,400 మీటర్ల ఎత్తున ఉంది. అందుచేత పగలంతా ఎండ కాసినా, వేసవిలో సైతం కొన్ని రాత్రులు నీళ్ళు గడ్డకట్టేంత చలి పుడుతుంది.

సాయంత్రమైంది. పిన్ని ఉప్మాకు ఎసరు పెట్టి ఒక పొయ్యి వెలిగించింది. మంట నీలంగా, నిండుగా వచ్చింది. చెల్లాయికి పాలు కాచటానికి రెండో పొయ్యి వెలిగించింది. వెంటనే మొదటి మంట కుంగిపోయింది! ఇంతలో చలి ఎక్కువైందని బాబాయి గది వెచ్చచేసే హీటరు వేశాడు. రెండు మంటలూ మిణుగురు పురుగుల్లా అయిపోయాయి.

“గ్యాసు అయిపోయినట్టుంది,” అన్నాడు బాబాయి.

పిన్ని హీటరునూ, రెండో పొయ్యినీ ఆపింది. అప్పుడు మరో వింత జరిగింది. కుంగిపోయిన మొదటి మంట ఒక్కసారిగా ఎగిసి, పచ్చటి నాలుకలు చాచి, గిన్నె అంచులు నాకింది. గిన్నె అడుగు మసిబారింది.

పిన్ని గబుక్కున ఆ పొయ్యి కూడా కట్టేసింది. “అయిపోయిన గ్యాసు ఇలా ఎగరదు. ఇది మరేదో జబ్బు. ముందు జబ్బేమిటో తెలుసుకుందాం, తరవాత మందు,” అన్నది.

పిల్లలూ, ఈ మాట గుర్తుంచుకోండి. ఏ యంత్రం మొరాయించినా ముందు స్క్రూడ్రైవరు తీయకూడదు. ముందు ప్రశ్నలు వేయాలి. పిన్ని వేసిన ప్రశ్నలు వరసగా చూద్దాం.

మొదటి ప్రశ్న: సిలిండరులో గ్యాసు ఉన్నదా?

సిలిండరులో ప్రొపేన్ గాలిలా నిండి ఉంటుందని మీరు అనుకుంటారేమో. కాదు. బాగా ఒత్తిడి పెట్టటంవల్ల అది నీళ్ళలా ద్రవమై ఉంటుంది. ఆ ద్రవం పైన కొంత ఖాళీ ఉంటుంది. ద్రవం మరిగి, ఆవిరై, ఆ ఖాళీలో చేరుతుంది. మనం మండించేది ఆ ఆవిరినే. నీళ్ళు మరగటానికి 100 డిగ్రీల వేడి కావాలి. ప్రొపేన్‌కు సున్నాకు దిగువన 42 డిగ్రీల చలి కూడా చాలు, అక్కడే మరిగిపోతుంది!

సిలిండరు నిండుగా ఉన్నా, పావువంతే ఉన్నా, లోపలి ఒత్తిడి మాత్రం ఒక్కటే. చుక్క ద్రవం మిగిలి ఉన్నంతవరకూ ఒత్తిడి తగ్గదు. అందుచేత ఒత్తిడి చూపే ముల్లును బట్టి ఎంత గ్యాసు మిగిలిందో చెప్పలేం. బరువు తూచి చెప్పవచ్చు. లేదా పిన్ని చేసినట్టు చేయవచ్చు. ఆమె ఫ్లాస్కులోంచి గోరువెచ్చని నీళ్ళు సిలిండరు పక్కనుంచి పోసి, మీ అరచేత్తో పైనుంచి కిందికి తడిమి చూడమన్నది. పైభాగం వెచ్చగా తగిలింది. సగం దాకా వచ్చేసరికి చల్లగా తగిలింది. ద్రవం ఉన్నచోట వేడిని అది లాగేసుకుంటుంది కనక చల్లగా ఉంటుందన్నమాట. గ్యాసు సగం ఉన్నది!

రెండో ప్రశ్న: చలివల్ల గ్యాసు బిగుసుకుపోయిందా?

“అవును, చలే!” అన్నాడు బాబాయి. పిన్ని ఒప్పుకోలేదు. సున్నాకు దిగువన 42 డిగ్రీల దాకా ప్రొపేన్ మరుగుతూనే ఉంటుందని చెప్పుకున్నాం కదా. అక్కడ చలి సున్నాకు కాస్త అటూ ఇటూ మాత్రమే. కాబట్టి ఆ నేరం చలి మీద మోపటానికి వీల్లేదు. మన ఇళ్ళలోని సిలిండర్లలో ప్రొపేన్‌తోపాటు బ్యూటేన్ కూడా కలిసి ఉంటుంది. బ్యూటేన్ సుమారు సున్నా డిగ్రీల దగ్గరే మరగటం మానేస్తుంది. మన ఎండలకు దానితో ఏ ఇబ్బందీ లేదు. గడ్డకట్టే చలిప్రదేశాల్లో ప్రొపేనే కావాలి.

మూడో ప్రశ్న: సిలిండరు మీట గబుక్కున తిప్పారా?

ఈ మాటకు బాబాయి తల గోక్కున్నాడు. ఆత్రంలో ఒక్క తిప్పు తిప్పాడట. చక్రాల ఇళ్ళ సిలిండరుకు తగిలించే మరలో ఒక చిన్న కాపలాదారు ఉంటాడు. గ్యాసు ఒక్కసారి దూసుకువస్తే, “గొట్టం తెగిపోయిందేమో!” అని భయపడి దారికి అడ్డం పడతాడు. సన్నని ధార మాత్రమే పోనిస్తాడు. గొట్టం నిజంగా తెగినప్పుడు అతను ప్రాణదాత. ఊరికే భయపడినప్పుడు మాత్రం అతన్ని బుజ్జగించాలి. ఎలా? పొయ్యిలన్నీ కట్టేయాలి. సిలిండరు మీట కట్టేయాలి. మర విప్పి, కాసేపు ఆగి, మళ్ళీ బిగించి, మీటను నెమ్మదిగా తిప్పాలి. బాబాయి అలాగే చేశాడు. అయినా మంట మునుపటిలాగే కుంగింది. కాబట్టి నేరస్థుడు ఆ కాపలాదారు కూడా కాదు.

నాలుగో ప్రశ్న: జబ్బు ఒక్క పొయ్యికా, అన్నిటికీనా?

ఒక్క పొయ్యే సరిగా మండకపోతే, దాని రంధ్రాల్లో మసి పట్టిందని అనుకోవచ్చు. కాని ఇక్కడ అన్నీ ఒకేసారి కుంగుతున్నాయి. మీ ఇంట్లో నాలుగు కొళాయిలకూ ఒకేసారి నీళ్ళు తగ్గితే ఏం చేస్తారు? కొళాయిలను తిట్టి లాభం లేదు. అన్నిటికీ నీళ్ళు తెచ్చే దారిని చూడాలి. ఇక్కడ అన్నిటికీ గ్యాసు పంచిపెట్టే పెద్దమనిషి ఎవరు? రెగ్యులేటరు!

ఇప్పుడు ఆ పెద్దమనిషి చేసే పని ఏమిటో తెలుసుకుందాం. ఇందుకు మీరు ఇంట్లోనే ఒక తమాషా చేయవచ్చు. ఒక బకెట్టు నిండా నీళ్ళు పోయండి. శుభ్రమైన కొత్త ప్లాస్టిక్ గొట్టం ఒకటి తెచ్చుకోండి. (గ్యాసు గొట్టం జోలికి మాత్రం పోవద్దు!) దాని ఒక చివరనుంచి 28 సెంటీమీటర్లు కొలిచి సిరాతో గీత పెట్టండి. గీత మునిగేదాకా గొట్టాన్ని నీళ్ళలో నిలువుగా ముంచి, పైనుంచి ఊదండి. పీల్చకండి సుమా, ఊదండి! గొట్టం అడుగునుంచి బుడబుడా బుడగలు వచ్చాయా? అయితే మీ ఊపిరి 28 సెంటీమీటర్ల నీటిని తోసిందన్నమాట.

చక్రాల ఇంట్లో పొయ్యికి అందవలసిన ఒత్తిడి సరిగ్గా అంతే! అమెరికా వాళ్ళు దాన్ని ‘11 అంగుళాల నీరు’ అంటారు. మన ఇంటి రెగ్యులేటరు ఇచ్చేది కూడా దాదాపు అంతే, 30 సెంటీమీటర్లు. ఒక బడిపిల్లవాడు గొట్టంలో ఊదినంత ఒత్తిడి!

మరి సిలిండరు లోపల ఎంత ఉంటుంది? ప్రొపేన్ సిలిండరులో 20 డిగ్రీల వేడి దగ్గర ఉండే ఒత్తిడి సుమారు 75 మీటర్ల నీటిని నిలబెడుతుంది. అంటే ఇరవై అంతస్తుల మేడ కన్నా ఎత్తు! ఎండ 30 డిగ్రీలైతే అది 100 మీటర్లవుతుంది. సున్నాకు దిగువన 10 డిగ్రీల చలిలో 25 మీటర్లకు దిగిపోతుంది. చూశారా! లోపల పులి ఒక పూట గాండ్రిస్తుంది, ఒక పూట గుర్రుమంటుంది. బయటికి మాత్రం ఎప్పుడూ పిల్లికూత లాగే రావాలి: 28 సెంటీమీటర్లు, ఎక్కువా కాదు, తక్కువా కాదు. ఈ అద్భుతం చేసేది రెగ్యులేటరు. చక్రాల ఇళ్ళలో ఇది రెండు మెట్లుగా జరుగుతుంది. మొదటి మెట్టు దాన్ని 7 మీటర్లకు దించుతుంది. రెండో మెట్టు 28 సెంటీమీటర్లకు దించుతుంది.

దానికి బుర్ర లేదు, కళ్ళు లేవు, కరెంటు లేదు. ఉన్నవల్లా ఒక గుండ్రటి రబ్బరు పొర, దాని మీద ఒక స్ప్రింగు, కింద ఒక చిన్న తలుపు, తలుపునూ పొరనూ కలిపే ఒక పుల్ల. స్ప్రింగు పొరను కిందికి తోస్తుంది. పొర కిందికి దిగితే తలుపు తెరుచుకుని గ్యాసు లోపలికి వస్తుంది. వచ్చిన గ్యాసు పొరను పైకి తోస్తుంది. పొర పైకి లేస్తే తలుపు మూసుకుంటుంది. పొయ్యి వెలిగిస్తే పొర కింద గ్యాసు తగ్గుతుంది, పొర దిగుతుంది, తలుపు తెరుచుకుంటుంది. పొయ్యి ఆపితే గ్యాసు పెరుగుతుంది, పొర లేస్తుంది, తలుపు మూసుకుంటుంది. ఏతాం మీద ఇద్దరు ఆడినట్టు, స్ప్రింగూ గ్యాసూ రోజంతా అలా ఆడుతూనే ఉంటాయి.

ఇక్కడ ఒక కిటుకుంది. పొర పైన ఉన్న గదిలో గాలి ఉంటుంది. పొర దిగినప్పుడు బయటినుంచి ఇంకాస్త గాలి ఆ గదిలోకి రావాలి. పొర లేచినప్పుడు ఆ గాలి బయటికి పోవాలి. అందుకోసం రెగ్యులేటరు ఒంటికి ఒక చిన్న రంధ్రం పెడతారు. రెగ్యులేటరు ఊపిరి పీల్చేదీ విడిచేదీ ఆ ముక్కుతోనే!

కథలోకి వద్దాం. బాబాయి టార్చిలైటు పట్టుకున్నాడు. అందరూ రెగ్యులేటరు చుట్టూ మూగారు. పెద్దవాళ్ళు పైపైన చూస్తున్నారు. చెల్లాయి చిన్నది గదా, కింద కూచుని చూసింది.

“నాన్నా, దీని ముక్కులో మట్టి!” అని అరిచింది.

నిజమే! బండి ఏడాదిపాటు పెరట్లో పడి ఉన్నప్పుడు, మట్టితో గూడు కట్టే కందిరీగ ఒకటి ఆ రంధ్రాన్ని చూసి ముచ్చటపడింది. అందులో గూడు కట్టి రంధ్రం మూసేసింది. ఇలా జరగటం అక్కడ అరుదేమీ కాదు. దారిలో చిందే బురదా, గడ్డకట్టిన మంచూ కూడా ఆ రంధ్రాన్ని మూయగలవు. అందుకనే ఆ ముక్కు కింది వైపుకే తిరిగి ఉండాలనీ, రెగ్యులేటరు మీద మూత ఉండాలనీ చెబుతారు. బాబాయి బండికి ఆ మూత ఎప్పుడో ఊడిపోయింది.

ఇప్పుడు మంట చేసిన రెండు వింతలకూ అర్థం మీరే చెప్పగలరు. రెండో పొయ్యి వెలిగించగానే పొర కిందికి దిగాలి. కాని పైగదిలోకి గాలి రావటానికి దారి లేదు. సీసా మూతికి వేలు అడ్డంపెట్టి పీల్చినట్టు, పొర సగంలోనే ఆగిపోయింది. తలుపు సరిగా తెరుచుకోలేదు. మంట చిన్నబోయింది. పొయ్యి ఆపగానే పొర పైకి లేవాలి. కాని పైగదిలోని గాలి బయటికి పోవటానికి దారి లేదు. పొర లేవలేదు. తలుపు సరిగా మూసుకోలేదు. ఒత్తిడి పెరిగిపోయి మంట పైకెగిసింది. ఒకే ముక్కు మూసుకుపోవటంవల్ల రెండు జబ్బులు! మొదటిది మనకు కోపం తెప్పిస్తుంది. రెండోది మాత్రం ఇల్లు తగలబెట్టగలదు.

బాబాయి సంతోషంతో, “ఒక గుండుసూది ఇవ్వండి, క్షణంలో పొడిచేస్తాను!” అన్నాడు.

“ఆగండి!” అన్నది పిన్ని. “ఆ రంధ్రం వెనకే రబ్బరు పొర ఉంది. సూది తగిలి దానికి చిల్లి పడితే, గ్యాసు తిన్నగా ఆ ముక్కులోంచే బయటికి వస్తుంది. లోపలిదాకా పోయిన మట్టి మన కంటికి కనపడదు. జబ్బు కనుక్కోవటం మన వంతు, శస్త్రం పట్టటం మన వంతు కాదు.”

ఆమె సిలిండరు మీట కట్టేసింది. ఆ రాత్రి వేడి ఉప్మా లేదు. అటుకులు, పెరుగు, అరటిపళ్ళతో సరిపెట్టుకున్నారు. చలి కొరికేస్తున్నది. “ఆ పెద్దమంట వచ్చిన పొయ్యి ఒక్కటి కాసేపు వెలిగించి, తలుపులు బిగించి పడుకుంటే వెచ్చగా ఉంటుంది గదా,” అని మీరు అన్నారనుకోండి. పిన్ని మిమ్మల్ని కోప్పడేది. ఎందుకో తెలుసా? పసుపు పచ్చటి మంటకు గాలి చాలటం లేదన్నమాట. అలాంటి మంటనుంచి కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మూసిన గదిలో నిద్రపోయేవాళ్ళను అది నిద్రలోనే చంపేస్తుంది. వంటపొయ్యిని చలిమంటగా ఎన్నడూ వాడకూడదు. నలుగురూ రెండేసి రగ్గులు కప్పుకుని పడుకున్నారు.

తెల్లవారి బాబాయి ఫోను చేస్తే, చక్రాల ఇళ్ళు బాగుచేసే పనివాడు వచ్చాడు. అతను తెచ్చిన ముఖ్యమైన పనిముట్టు ఏమిటో ఊహించండి. గొట్టంలో నీళ్ళు! గాజులాంటి గొట్టాన్ని ఉంగాకారంగా వంచి, అందులో నీళ్ళు పోశాడు. ఒక కొసను గ్యాసు దారికి తగిలించాడు. పాత రెగ్యులేటరుతో అన్ని పొయ్యిలూ ఆపి చూశాడు. నీటిమట్టం 28 సెంటీమీటర్లు దాటి, ఆగకుండా పైపైకి పాకింది. అతను తల ఊపి, దాన్ని విప్పి అవతల పెట్టాడు. “దీన్ని బాగుచేయరాదు. కొత్తదే వేయాలి,” అన్నాడు.

కొత్త రెగ్యులేటరు బిగించి, ముక్కు కిందికి ఉండేట్టు చూసి, మూత వేశాడు. ప్రతి అతుకు మీదా సబ్బునీళ్ళు రాసి, బుడగలు రావటం లేదని చూశాడు. పొయ్యి వెలిగించాడు. నీటిమట్టంలో తేడా 28 సెంటీమీటర్లు! రెండో పొయ్యి వెలిగించాడు. హీటరు వేశాడు. మంట తొణకలేదు, బెణకలేదు. అన్నీ ఆపేశాడు. నీళ్ళు ఇంకాస్త పైకి లేచి, అక్కడే గట్టిగా నిలబడ్డాయి. తలుపు మూసుకున్నదన్నమాట. ఇక పిన్ని ఉప్మా చేసింది. అంత రుచిగల ఉప్మా మీరు ఎన్నడూ తిని ఉండరు!

పిల్లలూ, మీకు చక్రాల ఇల్లు లేకపోవచ్చు. కాని ఇప్పుడు చెప్పిన ఆ పొర, ఆ స్ప్రింగు, ఆ ముక్కు మీ వంటింటి సిలిండరు నెత్తిన కూడా ఉన్నాయి. అందుకని మీరు ఇంట్లో మంటకు కాపలాదారులు కండి. మంట నీలంగా నిలకడగా ఉన్నదా? లేక పచ్చగా మారి గిన్నెలకు మసి పడుతున్నదా? రెండో పొయ్యి వెలిగిస్తే మొదటిది కుంగుతున్నదా? ఇవి చూసి అమ్మానాన్నలకు చెప్పటం మీ పని. రెగ్యులేటరును విప్పటం, పొడవటం, కొట్టటం మీ పనీ కాదు, నాన్న పనీ కాదు.

మరొక కాపలాదారు మీ ముక్కే. ప్రొపేన్‌కు, బ్యూటేన్‌కు స్వతహాగా చెప్పుకోదగ్గ వాసన లేదు. మనకు వచ్చే ఆ కుళ్ళువాసన కావాలని కలిపినదే. అలా కలపటం వెనక ఒక విషాదం ఉంది. 1937 మార్చి 18న అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో, న్యూ లండన్ అనే ఊళ్ళో ఒక బడి పేలిపోయింది. బడిని వెచ్చచేయటానికి వాడే సహజవాయువు అంతకుముందే కారి, నేల కింద చేరింది. దానికి వాసన లేకపోవటంచేత ఎవరూ పసికట్టలేదు. సుమారు 300 మంది చనిపోయారు. వారిలో చాలామంది మీ ఈడు పిల్లలే. ఆ తరవాత ఆ రాష్ట్రంలో గ్యాసుకు వాసన కలిపి తీరాలని చట్టం చేశారు. ఈనాడు మన వంటగ్యాసుకూ అలాంటి వాసన కలుపుతారు. ఆ వాసన మీ ముక్కుకు తగిలినప్పుడల్లా, అది మిమ్మల్ని పిలిచి హెచ్చరిస్తున్నదని అనుకోండి.

వాసన వస్తే ఏం చేయాలి? లైటు వేయకూడదు, వెలుగుతున్న లైటు ఆర్పకూడదు కూడా. స్విచ్చి నొక్కితే పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు. అగ్గిపుల్ల గీయకూడదు. పెద్దవాళ్ళను పిలవాలి. వాళ్ళు రెగ్యులేటరు కట్టేసి, తలుపులూ కిటికీలూ తెరుస్తారు. వంటగ్యాసు గాలికన్నా బరువు కనక పైకి పోదు; నేలమీద నీళ్ళలా పరుచుకుని మూలల్లో నిలుస్తుంది. చక్రాల ఇళ్ళలో గ్యాసు పసికట్టే యంత్రాన్ని నేలకు దగ్గరగా బిగించేది అందుకే. అందరూ బయటికి వచ్చాక, ఆరుబయటనుంచి ఫోను చేయాలి. మన దేశంలో వంటగ్యాసు ప్రమాదాలకు పిలవవలసిన నంబరు 1906. దాన్ని ఇప్పుడే ఒక కాగితం మీద రాసి, గుమ్మం దగ్గర అంటించండి.

పెద్దలకు ఒక మాట: రబ్బరు గొట్టాన్ని అయిదేళ్ళకొకసారి మార్చటం మరవకండి. రెగ్యులేటరు అనుమానంగా ఉంటే, గ్యాసు సరఫరా చేసేవారికి చెప్పి మార్పించుకోండి. పిల్లలు “మంట పచ్చగా ఉన్నది” అని చెప్పినప్పుడు, “నీకెందుకు, పోయి చదువుకో” అనకండి. మన కథలో మట్టిని మొదట చూసింది చెల్లాయే!

ఇక ఈ నెల ప్రశ్న: ప్రొపేన్ సిలిండరును ఎప్పుడూ పూర్తిగా నింపరు. చక్రాల ఇళ్ళ సిలిండర్లలో ద్రవాన్ని అయిదింట నాలుగు వంతుల వరకే నింపి, మిగతాది ఖాళీగా వదిలేస్తారు. ఎందుకని? పాలు పొంగటాన్ని ఒక్కసారి గుర్తుచేసుకుని ఆలోచించండి. జవాబు వచ్చే నెల చెప్పుకుందాం. మంట పెడితే చల్లబడే ఆ వింత పెట్టె సంగతీ అప్పుడే!